రీబూట్ తర్వాత నెట్‌వర్క్ మాయం: మెయిన్‌ఫ్రేమ్ లైనక్స్‌లో క్యూఈత్‌ను నిలబెట్టడం ఎలా

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇది. మెయిన్‌ఫ్రేమ్ మీద వర్చువల్ మెషీన్లను నడిపే జెడ్‌వీఎం కింద ఒక గెస్ట్‌లో (అంటే ఒక వర్చువల్ మెషీన్‌లో) లైనక్స్ వేశారు. ఇన్‌స్టాలర్ ప్యాకేజీలన్నీ నెట్‌వర్క్ మీదుగానే తెచ్చుకుంది, ఎక్కడా ఎర్రర్ రాలేదు. రీబూట్ చేశాక ‘ఐపీ లింక్’ కొడితే లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తాను మాట్లాడుకునే ఇంటర్‌ఫేస్) తప్ప ఇంకేమీ లేదు. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌ను లోడ్ చేసే ‘మోడ్‌ప్రోబ్ క్యూఈత్’ కొడితే కిక్కురుమనకుండా ప్రాంప్ట్ వచ్చేస్తోంది. డ్రైవర్ పాడైందా, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా అని అడుగుతున్నారు.

మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. ఇన్‌స్టాలేషన్ మొత్తం నెట్‌వర్క్ మీద జరిగిందంటే ఓఎస్ఏ కార్డు (మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్ కార్డు), కేబుల్, వీస్విచ్ (జెడ్‌వీఎంలోని వర్చువల్ స్విచ్) అనుమతి, క్యూఈత్ డ్రైవర్ అన్నీ అప్పుడు పనిచేశాయన్నమాట. వాటిలో ఏదీ రీబూట్ వల్ల పాడయ్యేది కాదు. పోయింది సెట్టింగ్. ఈ మెషీన్‌లో ప్రతి స్థాయిలోనూ రెండు రకాల సెట్టింగులు ఉంటాయి: ఇప్పుడు నడుస్తున్నదానికి ఒకటి, వచ్చేసారి లేచినప్పుడు వాడుకోవడానికి ఒకటి. మొదటిది మాత్రమే చేసి రెండోది రాయకపోతే సరిగ్గా మీకు కనిపిస్తున్న లక్షణాలే వస్తాయి. అందుకే నేను ‘ఏం పాడైంది’ అని వెతకను, ‘ఏ స్థాయిలో రాయడం మరిచిపోయాం’ అని వెతుకుతాను.

ముందు మోడ్‌ప్రోబ్ సంగతి. మామూలు సర్వర్‌లో కార్డు పీసీఐ బస్ మీద ఒకే పరికరంగా కనిపిస్తుంది, డ్రైవర్ లోడ్ కాగానే ఇంటర్‌ఫేస్ పుడుతుంది. ఇక్కడ అలా కాదు. ఓఎస్ఏ కార్డు మీ లైనక్స్‌కు మూడు విడి సబ్‌ఛానెళ్లుగా (పరికరంతో మాట్లాడే దారులుగా) కనిపిస్తుంది: ఒకటి రీడ్, ఒకటి రైట్, ఒకటి డేటా. ఉదాహరణకు 0.0.0600, 0.0.0601, 0.0.0602. ఈ మూడూ కలిసి ఒక నెట్‌వర్క్ పరికరం అని క్యూఈత్‌కు ఎవరో ఒకరు చెప్పాలి. ఆ గుంపుకు లేయర్, పోర్ట్ నంబరు లాంటివి పెట్టాలి. ఆ తర్వాత ఆన్‌లైన్ చేయాలి. ఇవన్నీ అయితేనే ఇంటర్‌ఫేస్ పుడుతుంది. మోడ్‌ప్రోబ్ చేసేది డ్రైవర్ కోడ్‌ను మెమరీలోకి తేవడం వరకే. దానికి ఎర్రర్ రాలేదన్నది శుభవార్తా కాదు, చెడువార్తా కాదు.

ఇంకో మాట. నెట్‌వర్క్ లేదు కాబట్టి మీరు ఇప్పుడు 3270 కన్సోల్ (మెయిన్‌ఫ్రేమ్ టెర్మినల్) మీదో, హెచ్ఎంసీ (మెషీన్‌ను నిర్వహించే కన్సోల్) లోని ‘ఆపరేటింగ్ సిస్టమ్ మెసేజెస్’ తెర మీదో ఉంటారు. ఇవి లైన్ మోడ్ కన్సోళ్లు, అంటే ఒక్కో వరుసగా మాత్రమే రాస్తాయి. అక్కడ వీఐ ఎడిటర్ పనిచేయదు, దానితో కుస్తీ పడితే సమయం వృథా. ఫైల్ మార్చాలంటే సెడ్ వాడండి, లేదా క్యాట్‌తో మొత్తం ఫైల్‌ను తిరగరాయండి. నడుస్తున్న కమాండ్‌ను ఆపడానికి కంట్రోల్ కీ నొక్కితే లాభం లేదు. ‘^’ గుర్తు, దాని పక్కన చిన్న సీ అక్షరం మామూలుగా టైప్ చేసి ఎంటర్ కొట్టాలి. 3270 తెర కుడివైపు కింద ‘మోర్’ అని గానీ ‘హోల్డింగ్’ అని గానీ ఉంటే సిస్టమ్ హ్యాంగ్ అయిందని కంగారుపడకండి, క్లియర్ కీ నొక్కితే ముందుకు కదులుతుంది. ‘సీపీ రీడ్’ (సీపీ అంటే జెడ్‌వీఎం కంట్రోల్ ప్రోగ్రామ్) అని ఉంటే మాత్రం గెస్ట్ నిజంగానే ఆగి ఉంది. ‘బిగిన్’ అని కొట్టండి. ‘సెట్ రన్ ఆన్’ కూడా పెట్టుకుంటే ఆ బెడద మళ్లీ రాదు.

ఇక అసలు పని. ఐపీ అడ్రసు, గేట్‌వే, డీఎన్ఎస్ వీటిని ఇప్పుడే ముట్టుకోవద్దు. ఇంటర్‌ఫేసే లేనప్పుడు వాటిని ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. కింది నుంచి పైకి రావాలి.

మొదటి కమాండ్ ‘ఎల్ఎస్‌సీఎస్ఎస్’. మీ గెస్ట్‌కు కనిపించే సబ్‌ఛానెళ్లన్నీ వరుసగా వస్తాయి. మీకు కావలసిన వరుస ఇలా ఉంటుంది:

0.0.0600 0.0.0001 1732/01 1731/01

మొదటిది డివైజ్ నంబరు, రెండోది సబ్‌ఛానెల్, మూడోది డివైజ్ టైప్, నాలుగోది కంట్రోల్ యూనిట్ టైప్. 1731/01 అని ఉంటే మామూలు ఓఎస్ఏ, క్యూడీఐఓ (మెమరీ గుండా నేరుగా డేటా పంపే) పద్ధతిలో నడిచేది. 1731/05 అయితే హైపర్‌సాకెట్స్, అంటే ఒకే మెషీన్‌లోని ఎల్‌పార్ల (మెషీన్‌ను విభజించిన భాగాల) మధ్య మెమరీ గుండా నడిచే నెట్‌వర్క్. పక్కన ‘యూజ్’ అనే కాలమ్‌లో ‘యెస్’ ఉంటే అది ఆన్‌లైన్‌లో ఉందని, ఖాళీగా ఉంటే ఎవరూ వాడుకోవడం లేదని అర్థం. 600, 601, 602 మూడూ వరుసగా ఉన్నాయా, మూడింటికీ ఒకే టైప్ ఉందా చూడండి. రీడ్‌కు సరి సంఖ్య, దాని తర్వాతి సంఖ్య రైట్‌కు, ఆపైది డేటాకు ఇవ్వడం ఆనవాయితీ. దాన్ని తప్పకపోవడమే క్షేమం.

ఆ మూడు వరుసలే కనిపించకపోతే రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, లైనక్స్ వాటిని కావాలనే పట్టించుకోకపోవడం. పెద్ద మెషీన్‌లో ఒక ఎల్‌పార్‌కు వేల డివైజులు కనిపించవచ్చు, అన్నింటినీ తడుముతూ కూర్చుంటే బూట్ కావడానికే బోలెడు సమయం పడుతుంది. అందుకని కొన్ని డిస్ట్రిబ్యూషన్లు కెర్నల్ పారామీటర్లలో ‘సీఐఓ_ఇగ్నోర్=ఆల్,!కన్‌డెవ్’ అని పెడతాయి. అంటే కన్సోల్ తప్ప మిగతావన్నీ వదిలేయమని. ఇన్‌స్టాలర్ నడిచినప్పుడు మీరిచ్చిన సబ్‌ఛానెళ్లను అదే ఆ జాబితాలోంచి తప్పించింది. ఇప్పుడు తప్పించేవాళ్లు లేరు. ‘సీఐఓ_ఇగ్నోర్ -ఐ 0.0.0600’ కొడితే ఆ డివైజ్ జాబితాలో ఉందో లేదో చెబుతుంది. ఉంటే ఇలా విడిపించండి:

సీఐఓ_ఇగ్నోర్ -ఆర్ 0.0.0600-0.0.0602

ఇది ఇప్పటికి మాత్రమే. శాశ్వతంగా కావాలంటే కెర్నల్ పారామీటర్‌లోనే ‘!0.0.0600-0.0.0602’ అని చివర చేర్చాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. పారామీటర్ మార్చి ఫైల్ సేవ్ చేస్తే సరిపోదు, ఆ తర్వాత ‘జెడ్‌ఐపీఎల్’ కమాండ్ నడపాలి. ఈ బూట్ లోడర్ లేచేటప్పుడు సెట్టింగుల ఫైల్‌ను చదవదు. జెడ్‌ఐపీఎల్ నడిపిన క్షణాన ఏముందో దాన్నే డిస్క్ మీద బూట్ రికార్డుగా రాసి పెట్టుకుంటుంది. ఫైల్‌లో కొత్త పారామీటర్ కళ్లకు కనిపిస్తూ ఉంటుంది, సిస్టమ్ మాత్రం పాతదానితోనే లేస్తుంది. సూసే ఎంటర్‌ప్రైజ్‌లో గ్రబ్ మెనూ ఉంటుంది కాబట్టి అక్కడి పద్ధతి వేరు, గ్రబ్ కాన్ఫిగరేషన్‌ను తిరిగి తయారు చేయాలి. ఏ డిస్ట్రిబ్యూషన్ అయినా సరే, లేచాక ‘/ప్రోక్/సీఎండీలైన్’ చదివి మీ మార్పు నిజంగా అందులోకి వచ్చిందో లేదో చూసుకోండి. ఆ ఫైల్‌లో ఉన్నదే నిజం.

రెండో కారణం, గెస్ట్‌కు ఆ కార్డే లేకపోవడం. జాబితాలోంచి విడిపించినా ఎల్ఎస్‌సీఎస్ఎస్‌లో రాకపోతే జెడ్‌వీఎంను అడగాలి. లైనక్స్‌లోంచే అడగొచ్చు: ‘మోడ్‌ప్రోబ్ వీఎంసీపీ’ చేసి, ‘వీఎంసీపీ క్యూ వీ నిక్’ కొట్టండి. ఏ వర్చువల్ కార్డూ లేదని వస్తే ఇన్‌స్టాలేషన్ రోజున దాన్ని ఎలా ఇచ్చారో కనుక్కోండి. జెడ్‌వీఎం అడ్మిన్ అప్పటికప్పుడు ‘డిఫైన్ నిక్’, ‘కపుల్’ కమాండ్లతో కార్డు తగిలించి ఉంటే, గెస్ట్ లాగాఫ్ అయిన వెంటనే అది పోతుంది. యూజర్ డైరెక్టరీలో ‘నిక్‌డెఫ్ 0600 టైప్ క్యూడీఐఓ ల్యాన్ సిస్టమ్’ అంటూ వీస్విచ్ పేరుతో ఒక వరుస ఉంటేనే ప్రతి లాగాన్‌కూ కార్డు వస్తుంది. వీస్విచ్ అనుమతి కూడా అంతే. ‘సెట్ వీస్విచ్’ కమాండ్‌తో నడుస్తున్న సిస్టమ్‌లో ఇచ్చిన గ్రాంట్ జెడ్‌వీఎం రీస్టార్ట్ అయ్యేదాకానే ఉంటుంది. శాశ్వతంగా కావాలంటే సిస్టమ్ కాన్ఫిగ్ ఫైల్‌లో రాయాలి, లేదా ఆ పని చేసే సెక్యూరిటీ ప్రొడక్ట్‌లో పెట్టాలి.

జెడ్‌వీఎం లేకుండా నేరుగా ఎల్‌పార్‌లో వేసినవాళ్లకూ ఇదే కథ ఇంకో రూపంలో వస్తుంది. డైనమిక్‌గా చేర్చిన ఐఓ నిర్వచనాన్ని ఐఓసీడీఎస్ (మెషీన్ భద్రపరిచే ఐఓ నిర్వచనాల ఫైల్) లోకి రాయకపోతే పవర్ ఆన్ రీసెట్ తర్వాత ఆ డివైజులు ఉండవు. ‘ఎల్ఎస్‌సీహెచ్‌పీ’ కొట్టి ఆ ఛానెల్ పాత్ (కార్డుకు వెళ్లే దారి) కాన్ఫిగర్ అయి ఉందా, స్టాండ్‌బైలో ఉందా చూసుకోండి.

మీ విషయంలో నా అంచనా, మూడు సబ్‌ఛానెళ్లూ కనిపిస్తాయి, ‘యూజ్’ కాలమ్ ఖాళీగా ఉంటుంది. అప్పుడు ‘ఎల్ఎస్‌జెడ్‌డెవ్ క్యూఈత్’ కొట్టండి. దీని అవుట్‌పుట్‌లో రెండు కాలమ్‌లు చూడాలి: ‘ఆన్’, ‘పర్స్’. మొదటిది ఇప్పుడు నడుస్తోందా అన్నది, రెండోది శాశ్వతంగా రాసి ఉందా అన్నది. మీకు రెండూ ‘నో’ అని వస్తే ఇన్‌స్టాలర్ దాన్ని డిస్క్ మీదికి రాయలేదని తేలిపోయింది. ‘ఆన్’ నో, ‘పర్స్’ యెస్ అని వస్తే రాసి ఉంది గానీ అమలు కాలేదు. అప్పుడు మళ్లీ ఇగ్నోర్ జాబితా వైపు చూడండి, లేదా డీమెస్గ్‌లో (కెర్నల్ సందేశాల్లో) క్యూఈత్ వరుసలు చదవండి.

సరిచేసే కమాండ్ ఇదొక్కటే:

సీహెచ్‌జెడ్‌డెవ్ -ఈ క్యూఈత్ 0.0.0600:0.0.0601:0.0.0602

ఇది మూడింటినీ గుంపు చేస్తుంది, ఆన్‌లైన్ చేస్తుంది, వచ్చే బూట్‌కు కావలసిన యూడెవ్ రూల్‌ను (పరికరం కనిపించగానే అమలయ్యే నియమాన్ని) కూడా రాస్తుంది. ఇంటర్నెట్‌లో చాలా చోట్ల ‘జెడ్‌నెట్‌కాన్ఫ్ -ఏ 0600’ అని సలహా కనిపిస్తుంది. అది కూడా ఇంటర్‌ఫేస్‌ను లేపుతుంది, కానీ ఏదీ శాశ్వతంగా రాయదు. నెట్‌వర్క్ వచ్చిందని సంబరపడి వదిలేస్తే, తర్వాతి రీబూట్‌కు మళ్లీ మొదటికొస్తుంది. జెడ్‌నెట్‌కాన్ఫ్‌ను నేను చూడటానికి మాత్రమే వాడతాను. ‘జెడ్‌నెట్‌కాన్ఫ్ -యూ’ కొడితే ఇంకా కాన్ఫిగర్ కాని నెట్‌వర్క్ డివైజుల జాబితా చక్కగా ఇస్తుంది. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే చోట) ‘గ్రూప్’ ఫైల్‌లోకి ఎకో చేసే పాత పద్ధతికీ ఇదే లోపం ఉంది.

ఇప్పుడు ‘ఐపీ లింక్’ చూస్తే ‘ఈఎన్‌సీ600’ అనే పేరుతో ఇంటర్‌ఫేస్ వచ్చి ఉండాలి. డివైజ్ నంబరులో ముందున్న సున్నాలు తీసేసి పేరు పెడుతుంది. ఆ పేరును జాగ్రత్తగా చూసుకోండి. మీ నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఫైల్ ‘ఈత్0’ పేరుతో ఉంటే అది ఈ ఇంటర్‌ఫేస్‌కు వర్తించదు, అడ్రసు రాదు. ఉబుంటులో నెట్‌ప్లాన్ ఫైల్‌లో పేరు సరిచేయండి. రెడ్ హ్యాట్ కుటుంబంలో పాత ఐఎఫ్‌సీఎఫ్‌జీ ఫైల్ అయితే అందులో ‘సబ్‌ఛానెల్స్’, ‘నెట్‌టైప్’ వరుసలు కూడా ఉండాలి. సబ్‌ఛానెల్ నంబర్లలో ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలు వస్తే చిన్న అక్షరాల్లోనే రాయాలి. రెడ్ హ్యాట్ 9 నుంచి కొత్త కనెక్షన్లు కీఫైల్ రూపంలోకి మారాయి కాబట్టి అక్కడ నెట్‌వర్క్ మేనేజర్ కమాండ్ ఎన్ఎంసీఎల్ఐతో చేయడమే సుఖం. రూట్ ఫైల్ సిస్టమే నెట్‌వర్క్ మీద ఉంటే ‘ఆర్‌డీ.జెడ్‌నెట్’ పారామీటర్ కూడా కావాలి, ఎందుకంటే డిస్క్ మీది రూల్ చదవడానికి ముందే నెట్‌వర్క్ లేవాలి. డిస్క్ డీఏఎస్‌డీ (మెయిన్‌ఫ్రేమ్ డిస్క్) మీదో, ఎఫ్‌సీపీ (ఫైబర్ ఛానెల్) మీదో ఉంటే దాని జోలికి పోనక్కరలేదు.

ఇంటర్‌ఫేస్ వచ్చినా పింగ్ వెళ్లకపోతే ‘ఎల్ఎస్‌క్యూఈత్’ కొట్టండి. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నింటికన్నా ఉపయోగపడే కమాండ్ ఇదే. ‘స్టేట్’ వరుసలో ‘అప్ (ల్యాన్ ఆన్‌లైన్)’ అని ఉంటే కార్డు దాకా అంతా బాగుంది. ‘అప్ (ల్యాన్ ఆఫ్‌లైన్)’ అయితే లైనక్స్ వైపు లోపం లేదు. కేబుల్, అవతలి స్విచ్ పోర్ట్, లేదా తప్పు పోర్ట్ నంబరు చూడాలి. ఓఎస్ఏ ఎక్స్‌ప్రెస్3 కాలం నుంచి కొన్ని కార్డుల్లో ఒకే ఛానెల్ పాత్ మీద రెండు పోర్టులు ఉంటాయి. కేబుల్ రెండో పోర్టులో ఉండి, మీ సెట్టింగ్‌లో ‘పోర్ట్‌నో’ 0 అని ఉంటే ఎప్పటికీ ఆఫ్‌లైనే. దాన్ని 1 చేసి చూడండి. ఇది నేరుగా కార్డు వాడే ఎల్‌పార్లలో ఎక్కువ, వీస్విచ్ వెనక ఉన్న మీకు రాదు. ‘పోర్ట్‌నేమ్’ గురించి పాత గైడ్లు గట్టిగా చెబుతాయి. పాత మైక్రోకోడ్ రోజుల్లో అది అవసరం, ఇప్పుడు దాన్ని వదిలేయండి.

ఆ తర్వాత అదే అవుట్‌పుట్‌లో ‘లేయర్2’ వరుస చూడండి. వీస్విచ్‌ను ‘ఈథర్నెట్’ రకంగా నిర్వచించి ఉంటే అక్కడ 1 ఉండాలి, ‘ఐపీ’ రకంగా నిర్వచించి ఉంటే 0 ఉండాలి. కొత్త కెర్నళ్లు జెడ్‌వీఎంను అడిగి తామే సరైనది ఎంచుకుంటాయి. పాత వాటిలో మీరే చెప్పాలి, పొరపాటున తారుమారైతే పరికరం లేవనన్నా లేవదు, లేచినా ప్యాకెట్లు అటూ ఇటూ పోవు. లేయర్ 3లో ఏఆర్‌పీ (ఐపీ అడ్రసుకు హార్డ్‌వేర్ అడ్రసు కనుక్కోవడం) పనంతా కార్డే చూసుకుంటుంది, లైనక్స్‌కు ఈథర్నెట్ హెడర్ కనిపించదు. అందువల్ల అక్కడ డీహెచ్‌సీపీ, బ్రిడ్జ్ లాంటివి మామూలుగా పనిచేస్తాయని ఆశించకూడదు. ఎంచుకునే అవకాశం మీకుంటే లేయర్ 2కే వెళ్లండి. ఆన్‌లైన్‌లో ఉండగా ఈ విలువ మారదు. సీహెచ్‌జెడ్‌డెవ్‌తో ముందు డిసేబుల్ చేసి, చివర ‘లేయర్2=1’ చేర్చి మళ్లీ ఎనేబుల్ చేయండి.

పింగ్ వెళ్తోంది, ఎస్ఎస్‌హెచ్ మాత్రం కనెక్ట్ అయినట్టే అయి బిగుసుకుపోతోందంటే ఎంటీయూ (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) మీద అనుమానపడండి. చిన్న ప్యాకెట్లు దాటిపోతాయి, కీ మార్పిడిలో వచ్చే పెద్దవి మధ్యలో రాలిపోతాయి. ‘పింగ్ -ఎం డూ -ఎస్ 1472’ (ఎం పెద్ద అక్షరం) అని గేట్‌వేకు పంపండి. 1472కు 28 బైట్ల హెడర్లు కలిస్తే 1500. అది వెళ్లకుండా ఇంకాస్త చిన్నది వెళ్తే దారిలో ఎక్కడో ఎంటీయూ తక్కువగా ఉంది. జంబో ఫ్రేములు వాడే చోట ఓఎస్ఏ గరిష్ఠం 8992, మామూలు ప్రపంచంలో అందరూ పెట్టే 9000 కాదు. ఈ 8 బైట్ల తేడాకే చాలా పెద్ద టెన్షన్లు వస్తాయి. దారిలోని అన్ని చోట్లా 8992 పెట్టించుకోండి.

డీమెస్గ్‌లో కార్డును ఇంకో హోస్ట్ ప్రత్యేకంగా వాడుకుంటోందన్న సందేశం వస్తే మీరు చేయగలిగింది ఏమీ లేదు. ఆ డివైజ్ నంబర్లు వేరొకరి దగ్గర ఉన్నాయి, ఐఓ నిర్వచనం చూసే వ్యక్తితోనే మాట్లాడాలి. పరికరం రోస్ కార్డు అయితే ఇప్పటిదాకా చెప్పింది వర్తించదు. అది పీసీఐ, క్యూఈత్‌తో సంబంధం లేదు, ‘ఎల్ఎస్‌పీసీఐ’తో చూడాలి. కేవీఎం (లైనక్స్ సొంత వర్చువలైజేషన్) గెస్ట్‌లోనూ క్యూఈత్ ఉండదు, అక్కడ వర్ట్‌ఐఓ కార్డు 3832 టైప్‌తో ఎల్ఎస్‌సీఎస్ఎస్‌లో కనిపిస్తుంది.

అంతా లేచాక పరీక్ష సరిగా చేయండి. లైనక్స్ లోపల ‘రీబూట్’ కొట్టడం ఒక్కటే చాలదు. అలా చేస్తే గెస్ట్ లాగాన్‌లోనే ఉంటుంది, అప్పటికప్పుడు తగిలించిన వర్చువల్ కార్డు అలాగే మిగిలిపోయి, డైరెక్టరీలో వరుస లేకపోయినా అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. లైనక్స్‌ను షట్‌డౌన్ చేసి, గెస్ట్‌ను పూర్తిగా లాగాఫ్ చేసి, మళ్లీ లాగాన్ అయి ఐపీఎల్ (అంటే బూట్) చేయండి. లేచాక ఎల్ఎస్‌జెడ్‌డెవ్‌లో ‘ఆన్’, ‘పర్స్’ రెండూ ‘యెస్’ ఉండాలి, ఎల్ఎస్‌క్యూఈత్‌లో ల్యాన్ ఆన్‌లైన్ ఉండాలి, గేట్‌వేకు పింగ్ వెళ్లాలి.

ల్యాన్ ఆన్‌లైన్‌లో ఉండి, లేయర్ సరిపోయి, అడ్రసు సరిగ్గా ఉండి కూడా గేట్‌వేకు పింగ్ వెళ్లకపోతే వీఎల్ఏఎన్ (ఒకే స్విచ్‌ను విడి నెట్‌వర్క్‌లుగా విభజించడం) తేడా అయ్యే అవకాశమే ఎక్కువ. వీస్విచ్ వీఎల్ఏఎన్‌ను పట్టించుకునే రకమైతే మీ గెస్ట్‌కు ఏ నంబరు గ్రాంట్ చేశారో, మీరు లైనక్స్‌లో దాని మీద మళ్లీ ట్యాగ్ వేస్తున్నారేమో చూడాలి. యాక్సెస్ పోర్ట్‌గా ఇస్తే లైనక్స్‌లో వీఎల్ఏఎన్ ఇంటర్‌ఫేస్ అక్కర్లేదు, ట్రంక్‌గా ఇస్తే తప్పనిసరి. అడ్మిన్ దగ్గర ‘క్వెరీ వీస్విచ్’ డీటెయిల్స్ అవుట్‌పుట్ తీసుకుని, మీ ఎల్ఎస్‌సీఎస్ఎస్, ఎల్ఎస్‌జెడ్‌డెవ్, ఎల్ఎస్‌క్యూఈత్ అవుట్‌పుట్‌లతో పాటు ఇక్కడ పెట్టండి. ఆ నాలుగూ ఉంటే లోపం ఎటువైపు ఉందో చూసి చెబుతాను.